సాక్షికి రాజ్యము తీర్పవలసిన ఋణము

న్యాయస్థానమును ఒక్కమాఱైనను చూచినవారికి అచటి మనుష్యులెవరో తెలియును. ఉన్నతాసనముమీద న్యాయాధిపతి, బల్లకు ఇరుప్రక్కల ప్లీడర్లు, బోనులో ముద్దాయి, వాకిట బంట్రోతు, గోడవారను పోలీసు జవాను. న్యాయాధిపతికిని, ప్లీడరుకును, జవానుకును అది వృత్తి. అందులకు జీతమో ఫీజో కలదు. ముద్దాయి పక్షమున మాటలాడుటకు న్యాయవాది గలడు. ప్లీడరును పెట్టుకొనలేని పేదవానికి ప్రభుత్వమే ప్లీడరును ఏర్పఱచును. ఇది ధర్మమే. కాని వెలుపల వసారాలో, స్తంభమును ఆనుకొని, ప్రొద్దుటినుండి నిలువబడియున్న మఱి యిద్దఱు గలరు. ఒకడు దెబ్బ తిన్నవాడు. మఱియొకడు ఆ దెబ్బను కన్నులార చూచినవాడు. వీరు కోరి వచ్చినవారు కారు. వీరికి జీతము లేదు. తమ పేరు ఎప్పుడు పిలువబడునో తెలియదు. ఐనను వీరు రానిచో ఆ యున్నతాసనమునకును, ఆ నల్లకోటులకును పనియే లేదు.

సాక్షి యను సంస్కృత పదములో కన్ను అను మాట దాగియున్నది. ప్రత్యక్షముగా చూచినవాడని దాని యర్థము. న్యాయాధిపతి నేరమును చూడలేదు. చూచినవాని కన్నులను ఎరువు తెచ్చుకొని ఆయన తీర్పు చెప్పవలసియున్నది. ఎరువు తెచ్చుకొన్నవాడు ఇచ్చినవానికి ఋణపడియుండును గదా! ఆ ఋణమును రాజ్యము సరిగా తీర్చుచున్నదా యని విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. తీర్తునని చట్టములో వ్రాసి యిచ్చియు, కోర్టు వసారాలో తీర్చుట లేదని నా యభిప్రాయము.

నలువది యేండ్లకు పూర్వము, నా బాల్యమున, మా యింటి ప్రక్క ఒక కౌలురైతు ఉండెను. మేమాయనను పెదనాన్నా యని పిలిచెడివారము. ఒక సంతనాటి సాయంకాలము బండ్లబాటమీద ఇద్దఱు మనుష్యులు ఒక పడుచువానిని కత్తితో పొడుచుట ఆయన కంటబడెను. పెదనాన్న కేకలు వేసి, గాయపడినవానిని తన బండిమీద పరుండబెట్టి ఆసుపత్రికి చేర్చి, పోలీసువారడుగగా చూచినది చూచినట్లు చెప్పెను.

ఆ తరువాత రెండేండ్లలో ఆయనకు ఏడుమాఱులు సమన్లు వచ్చెను. ఒకమాఱు ప్లీడరుగారు మఱియొక కోర్టులో నుండిరి. ఒకమాఱు ముద్దాయిలను తీసికొని రాలేదు. ఒకమాఱు న్యాయాధిపతిగారు సెలవులో నుండిరి. ప్రతిమాఱును సాయంకాలమగుసరికి "వాయిదా" యను కేక వినబడెడిది. నాట్ల దినమొకటి పోయెను. నూర్పిడి దినమొకటి పోయెను. బస్సు ఖర్చు చేతిది పోయెను. ముద్దాయిల బంధువులు ఆ వేపచెట్టు క్రిందనే కూర్చుండి, ఆ హోటలులోనే కాఫీ త్రాగి, సాయంకాలము ఆ బస్సులోనే ఆయన వెనుక సీటులో కూర్చుండి ఊరికి వచ్చెడివారు. వారాయనను కొట్టలేదు, తిట్టలేదు. "మీ చిన్నమ్మాయి బడినుండి వచ్చు దారి ఆ మామిడితోపు వెంబడియే గదా, బాబాయ్!" అని మాత్రము ఒకడనెనట.

ఎనిమిదవమాఱు పెదనాన్న బోను ఎక్కి, "చీకటి పడినది, నాకు సరిగా కనబడలేదు" అని చెప్పెను. సర్కారు ప్లీడరు ఆయనను ఎదురు తిరిగిన సాక్షిగా ఎంచెను. ముద్దాయిలు విడుదలైరి. ఆ రాత్రి పెదనాన్న అన్నము ముట్టలేదని పెద్దమ్మ మా అమ్మతో చెప్పుచుండగా వింటిని. పొడువబడిన పిల్లవాని తల్లికి తీర్పు సంగతి ఎవరును తెలుపలేదు. రెండు వారముల తరువాత సంతలో ఆ యిద్దఱును ఎదురుపడగా ఆమెకు తెలిసెను.

పెదనాన్న అబద్ధమాడెనా? ఆడెను. అది తప్పా? తప్పే, అందు సందేహము లేదు. కాని ఆ యబద్ధమునకు భాగస్వాములెందఱు! ఏడుమాఱులు త్రిప్పి పంపిన కోర్టు, బత్తా మాట యెత్తని కచ్చేరి, వాంగ్మూలము వ్రాసికొని మఱచిన పోలీసులు, తోడుగా ఒక్కనాడైనను బస్సు ఎక్కని మా వీధివారము. ఓడినవాడు కోర్టులో ఏడ్చును, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చునని మనవారు సామెత చెప్పుదురు. గెలుపునకును ఓటమికిని సంబంధము లేని సాక్షి యెచ్చట ఏడ్వవలెనో ఆ సామెత చెప్పలేదు.

ఈ స్థితి యెట్లు వచ్చినది? పూర్వము అనేక దేశములలో నేరము రెండు కుటుంబముల నడుమ తగవుగా ఎంచబడుచుండెను. పరిహారము దెబ్బ తిన్నవానికే చెందెడిది. కాని బలవంతునికే న్యాయము దక్కెడిది, పగలు తరతరములు సాగెడివి. కావున రాజ్యము నేరమును తనయెడల జరిగిన అపరాధముగా గైకొని తానే వాది యయ్యెను. ఇది గొప్ప మేలు. కుమారుని పోగొట్టుకొన్న పేద విధవరాలు హంతకునిమీద తన ఖర్చుతో వ్యాజ్యము నడుపనక్కఱలేదు. కాని రాజ్యము వాది పీటమీద కూర్చుండునప్పుడు, అందు కూర్చుండియున్నవానిని వసారాలోనికి నెట్టెను. జుల్మానా ఖజానాకు చేరెను. బాధితుడు తన కేసులోనే ఒక సాక్షిగా మిగిలెను.

మన సాక్ష్య చట్టము 1872లో పుట్టెను. ఒక సంగతిని రుజువు చేయుటకు ఇంతమంది సాక్షులు కావలెనను నియమము లేదని ఆ చట్టము చెప్పెను. నమ్మదగిన యొక్కని మాటయే చాలును. ప్రశ్నలను గ్రహించి బదులు చెప్పగలిగినచో బాలుడైనను సాక్షి కావచ్చునని చెప్పెను. సాక్షిని అవమానించుటకే వేయు ప్రశ్నలను న్యాయాధిపతి ఆపవలెనని కూడ చెప్పెను. 2024 జూలై 1వ తేదీనుండి దాని స్థానమున భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినను, ఈ సూత్రములు నిలిచియే యున్నవి. ఒక్కని మాటమీద ఒకని ప్రాణస్వాతంత్ర్యములు ఆధారపడునట్లు చేసిన చట్టము, ఆ యొక్కడు ఇల్లు చేరునా లేదా యను సంగతిని మాత్రము బహుకాలము విచారింపలేదు.

విచారింపనందువలన ఏమగునో గుజరాతులోని వడోదర నగరమున జరిగిన సంగతి తెలుపుచున్నది. 2002 మార్చి 1వ తేదీన, అల్లర్ల నడుమ, బెస్ట్ బేకరీ యను రొట్టెల దుకాణముమీద జనసమూహము పడి నిప్పుపెట్టగా పదునలుగురు చనిపోయిరి. 2003లో విచారణ జరుగగా సాక్షులనేకులు తమ తొలి మాటను మార్చుకొనిరి. ఇరువదియొక్క మంది ముద్దాయిలును విడుదలైరి. ప్రధాన సాక్షియైన యువతి తాను భయముచేత అట్లు చెప్పితినని పిమ్మట బయటపెట్టెను. 2004 ఏప్రిలులో సుప్రీంకోర్టు ఆ విచారణ విచారణయే కాదని తలంచి, కేసును మహారాష్ట్రమునకు మార్చి మరల నడుపుమనెను. 2006లో బొంబాయిలో తొమ్మండుగురికి యావజ్జీవ శిక్ష పడెను; 2012లో హైకోర్టు అందు నలుగురి శిక్షను స్థిరపఱచి, ఐదుగురిని విడిచిపెట్టెను. ఆ యువతి మరల మరల మాట మార్చినందున కోర్టు ధిక్కారమునకై 2006లో ఆమెకు ఏడాది చెఱ విధింపబడెను. అసత్యమునకు శిక్ష ఉండవలసినదే. కాని సాక్షిని సకాలమున కాపాడలేని వ్యవస్థ, ఆమెను సకాలమున శిక్షింపగలిగినదను చేదు సత్యమును మఱువరాదు.

మన యాంధ్రదేశముననే ఇంకొక సంగతి జరిగెను. నాటి గుంటూరు జిల్లాలోని చుండూరు గ్రామమున 1991 ఆగస్టు 6వ తేదీన ఎనమండుగురు దళితులు చంపబడిరి. విచారణ తమ గ్రామమునందే జరుగవలెనని బాధితులు పట్టుపట్టిరి. ఇది వింతకోరిక కాదు. పట్టణమునకు పోయి వచ్చు దారి, నష్టమగు కూలి, ఎదురుపడు మనుష్యులు, ఇవన్నియు వారికి తెలియును. తుదకు ప్రత్యేక న్యాయస్థానము చుండూరులోనే కూర్చుండెను. సాక్షి కోర్టుకు పోవుట యందఱెఱిగినదే; కోర్టే సాక్షి యొద్దకు వచ్చుట అచ్చట చూడబడెను. 2007 జూలై 31న ఇరువదియొక్కరికి యావజ్జీవమును, ముప్పదియైదుగురికి ఏడాది చెఱయు విధింపబడెను. కాని హత్యలకును తీర్పునకును నడుమ పదునాఱేండ్లు గడచెను. 2014లో హైకోర్టు సాక్ష్యము చాలదని అందఱిని విడుదల చేసెను. ఆ తీర్పు తప్పొప్పులను నిర్ణయించుట ఈ పత్రిక పని కాదు. పదునాఱేండ్లలో మనుష్యుని జ్ఞాపకమేమగునో, ధైర్యమేమగునో చదువరులే ఊహింతురు గాక. స్థలము దగ్గఱయైనను కాలము దూరమైనచో సాక్షికి న్యాయము జరిగినట్లు కాదు.

లోకము ఈ ఋణమును ఇటీవలనే గుర్తించెను. నేరముచే గాయపడినవారికి ప్రభుత్వమే పరిహార మిచ్చు చట్టమును 1963లో న్యూజిలాండు చేసెను. బాధితులను దయతోను గౌరవముతోను చూడవలెననియు, కేసు సంగతులు వారికి తెలుపవలెననియు 1985లో ఐక్యరాజ్య సమితి ప్రకటించెను. మన దేశమున 2009 డిసెంబరు 31నుండి, బాధితుడనగా ఎవడో క్రిమినలు ప్రొసీజరు కోడులో నిర్వచింపబడెను. ముద్దాయి విడుదలైనచో అప్పీలు చేసికొను హక్కు బాధితునికి కలిగెను. ప్రతి రాష్ట్రమును బాధితుల పరిహారమునకు పథకము నేర్పఱుపవలెనని విధింపబడెను. నేరస్థుడు దొరకకపోయినను బాధితుడు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకొనవచ్చును. ఆ సంస్థ రెండు నెలలలో విచారణ ముగింపవలెను. ఈ సంగతి తెలిసిన తలిదండ్రులు మనలో ఎందఱు?

బాలబాలికల రక్షణకై 2012లో చేయబడిన చట్టము మఱింత సున్నితమైనది. బిడ్డ వాంగ్మూలము వ్రాసికొను పోలీసు అధికారి యూనిఫారముతో రాగూడదు. బిడ్డను రాత్రివేళ ఠాణాలో నుంచగూడదు. కోర్టులో మాటిమాటికి పిలువగూడదు. నడుమ నడుమ విశ్రాంతి నీయవలెను. బిడ్డ నమ్మిన పెద్దవారొకరు ప్రక్కనుండవచ్చును. ముద్దాయి ఆ బిడ్డ కంటబడగూడదు. 2016 జనవరి 26నుండి షెడ్యూల్డు కులముల, తెగల అత్యాచార నిరోధక చట్టమున బాధితుల సాక్షుల హక్కులను పేరనే ఒక అధ్యాయము చేర్చబడెను. దాని ప్రకారము కోర్టు తేదీలును, ముద్దాయి బెయిలు సంగతియు వారికి ముందుగా తెలుపవలెను; వారి మాట వినవలెను; ప్రయాణపు ఖర్చును, భోజనపు ఖర్చును ఇయ్యవలెను; అవసరమైనచో వేఱొక చోట నివాస మేర్పఱుపవలెను.

సాక్షుల రక్షణ పథకమును సుప్రీంకోర్టు 2018 డిసెంబరు 5న ఆమోదించి, దేశమంతట చట్టమువలె పాటింపవలెనని శాసించెను. ప్రాణభయము గల సాక్షి తన జిల్లాలోని అధికార సంఘమునకు అర్జీ పెట్టుకొనవలెను. జిల్లా న్యాయాధిపతి దాని యధ్యక్షుడు. జిల్లా పోలీసు ముఖ్యాధికారి అందొక సభ్యుడు. పోలీసువారు భయముయొక్క తీవ్రతను పరీక్షించి నివేదిక నీయవలెను. ఆవశ్యకతను బట్టి ఇంటికి కాపలా, కోర్టుకు పోవునపుడు తోడు, విచారణలో తెఱచాటు, మఱియు అపాయకరమైన సందర్భములలో క్రొత్త చోటు, క్రొత్త పేరు కూడ ఇయ్యవచ్చును. 2024లో అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహిత, ప్రతి రాష్ట్రమును అట్టి పథకమును ప్రకటింపవలెనని ఆజ్ఞాపించినది. దర్యాప్తు ఎంతవఱకు వచ్చెనో తొంబది దినములలోగా బాధితునికి తెలుపవలెననియు, బాధితుని మాట వినకుండ ప్రభుత్వము కేసును ఉపసంహరించుకొనరాదనియు కూడ అందు గలదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ వినబడును: "సాక్షికి ఇన్ని హక్కులిచ్చినచో ముద్దాయి గతి యేమి? అతడు నిరపరాధి కావచ్చును గదా! కూటసాక్షులు లోకములో లేరా?" ఈ ప్రశ్న న్యాయమైనది, దీనిని త్రోసివేయువాడు న్యాయమునకు మిత్రుడు కాడు. రుజువగువఱకు ముద్దాయి నిర్దోషియే. ఆతని ప్లీడరు సాక్షిని అడుగదగిన ప్రశ్న యేదియు ఆపబడగూడదు. కాని సాక్షికి కుర్చీ వేసినంతమాత్రమున ఏ ప్రశ్న ఆగిపోవును? బస్సు ఖర్చు ఇచ్చినచో ఏ నిరపరాధి ఉరికంబమెక్కును? తెఱ అడ్డముంచినను ప్రశ్న తెఱను దాటి పోవును, జవాబు దాటి వచ్చును. అంతియేకాదు, భయపడిన సాక్షి దోషిని విడిపించినట్లే, వేఱొకని బెదరింపునకు లొంగి నిర్దోషిని బంధింపనుగలడు. నిర్భయముగా మాటలాడు సాక్షి ముద్దాయికిని రక్షయే.

కాబట్టి కొఱత చట్టమున కంటె ఆచరణమున నెక్కువ. హాజరైన సాక్షిని విచారింపక వాయిదా వేయరాదని, వేసినచో ప్రత్యేక కారణము వ్రాయవలెనని 1973 నాటి కోడే చెప్పెను. ప్లీడరు వేఱొక కోర్టులో నుండుట వాయిదాకు కారణము కాదని కూడ తరువాత చేర్చిరి. ఐనను జరిగినదేమి? దినమంతయు కాచుకొన్న సాక్షిని బంట్రోతు వెలుపలికి నెట్టుటయు, ఆతనికి కూర్చుండ చోటును త్రాగ నీరును లేకుండుటయు 2000లో సుప్రీంకోర్టే ఒక తీర్పులో విచారముతో చెప్పవలసి వచ్చెను. ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానము గ్లాసెడు మంచినీళ్లను గూర్చి వ్రాయవలసి వచ్చెననగా లోపమెంత సామాన్యమైనదో, ఎంత లోతైనదో తెలియుచున్నది.

నేను కోరునవి నాలుగు. మొదటిది: సాక్షి బత్తా ఇప్పటివలె కోర్టువారు తగునని తలంచినచో ఇచ్చునది కాక, హక్కుగా ఆ దినమే చేతికి ముట్టవలెను. రెండవది: సాక్షులకును ముద్దాయి బంధువులకును వేఱువేఱు గదులుండవలెను. మూడవది: రక్షణ ఉత్తరువు ఒకమాఱునకు మూడు నెలలే నిలుచునని పథకమున గలదు, విచారణలు ఏండ్లు సాగుచుండగా సాక్షి మూడేసి నెలలకు భయపడి మరల అర్జీ పెట్టుకొనవలెనా? విచారణ ముగియువఱకు అది తనంతట నిలువవలెను. నాల్గవది: షెడ్యూల్డు కులముల, తెగల బాధితులకిచ్చిన నోటీసు హక్కును అందఱు బాధితులకును ఇయ్యవలెను. సంతలో ఎదురుపడి తీర్పు తెలిసికొను తల్లి యికనుండగూడదు.

ఇంకొక మాట. రోడ్డు ప్రమాదమున గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చువానికి 2016లో సుప్రీంకోర్టును, 2019లో మోటారు వాహనముల చట్టపు సవరణయు రక్షణ నిచ్చెను. ఆతని పేరు చెప్పుమని నిర్బంధింపరాదు. తానై సాక్షి యగుదునన్నచో ఒక్కమాఱే విచారింపవలెను. ఈ రక్షణకు మంచి సమరయుని పేరు పెట్టిరి. లూకా సువార్తలోని ఆ కథ మన పాఠశాలలో ఎఱుగనివారు లేరు. కాని ఒక సంగతి గమనింపుడు. యెరికో దారిలో పడియున్నవాడు బండి తగిలి పడినవాడు కాడు, దొంగలచే కొట్టబడినవాడు. ఆ సమరయుడు నేడు మన దారిన వచ్చి అట్టివానిని బండిమీద ఎక్కించినచో, తన పేరుగల చట్టము తనకే వర్తింపదు! మా పెదనాన్నకును వర్తింపకపోయెడిది. ప్రమాదపు సాక్షికి తగిన మర్యాద నేరపు సాక్షికి తగదా?

ప్రియ విద్యార్థులారా! మీలో కొందఱు ప్లీడర్లును, పోలీసు అధికారులును, న్యాయాధిపతులును కాగలరు. కాని మీలో ఎవరైనను ఏదో యొకనాడు సాక్షి కావచ్చును. ఆనాడు చూచినది చూచినట్లు చెప్పుడు. చూడనిది చూచితినని చెప్పకుడు. భయము కలిగినచో దానిని మ్రింగి అబద్ధమాడుటకు ముందు, ఆ భయమునే అర్జీగా వ్రాయుడు. దానిని వినుటకు జిల్లాలో ఒక సంఘమున్నదని నేడు మీకు తెలిసినది. సాక్షిని బెదరించి అబద్ధము చెప్పించుట ఏడేండ్లవఱకు చెఱకు తగిన నేరమని బెదరించువానికి కూడ తెలియునట్లు చేయుడు.

తలిదండ్రులకు నా విన్నప మొక్కటియే. మీ వీధిలో నొకడు సాక్ష్యమునకు పోవుచున్నాడని వినినచో, "నీకెందుకయ్యా ఈ గొడవ?" అని అనకుడు. ఆతనితో బస్సు ఎక్కుడు. ఆతని పొలమున ఆనాటి పని చేసిపెట్టుడు. ఆతని బిడ్డను బడినుండి మీ బిడ్డతో కలిపి ఇంటికి తీసికొని రండు. ఇందులకు ఏ చట్టమును అక్కఱలేదు, ఏ ఖజానాయు అక్కఱలేదు.

పెదనాన్న గతించి చాల కాలమైనది. తుదివఱకు ఆయన ఆ బండ్లబాటను తప్పించి చుట్టుదారిని పొలమునకు పోయెడివాడు. ఆనాడు ఆయనకు ముందును వెనుకను బస్సులో మా వీధివారు నలుగురు కూర్చుండియుండినచో, కోర్టులో ఆయనను మొదటి దినముననే పిలిచి వినియుండినచో, ఆ బోనులో ఆయన నోట వచ్చు మాట వేఱుగా నుండెడిదని నేటికిని నాకు తోచుచుండును.